వాగ్దానాల పళ్ళెం

ఇరవై రెండేళ్ళుగా ఆ ఊరి చర్చిలో జనవరి ఒకటో తేదీ ఆరాధన కాగానే వాగ్దానాల పళ్ళెం పట్టుకునేది జక్రయ్యే. కొత్త సంవత్సరానికి మనిషికొక వాక్యం. పళ్ళెంలోంచి ఎవరి కార్డు వాళ్ళు తీసుకుని, దేవుడు తమకోసం పంపిన మాటని కళ్ళకద్దుకుని, ఇంటికి పోయి గోడకి అంటించుకుంటారు. ఆ కార్డులు రాసేదీ అతనే. పెళ్ళి శుభలేఖల వెనక ఖాళీ చూసి కత్తిరించి ఎర్ర సిరాతో రాస్తాడు. ఆరో తరగతితో బడి మానేసినవాడి చేతిరాత అంటే కొత్తవాళ్ళు నమ్మరు. ఏడాదిలో మిగతా రోజులన్నీ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల బస్తాలకి, టిక్కీలంటారు వాటిని, మూతులు కుట్టే మనిషి. దబ్బనం, పురికొస, రోజంతా తుమ్ములు. ఆ ఒక్క పూట మాత్రం ఊళ్ళో ఎంతటివాడైనా అతని ముందు చెయ్యి చాపాల్సిందే.

ఆ పూటకే ఈ ఏడు ఎసరొచ్చింది.

డిసెంబరులో పెద్దల కూటం జరిగినప్పుడు అతని తమ్ముడు జయపాల్ లేచాడు. హైస్కూలు మాస్టారు, ఇస్త్రీ చొక్కా, మెత్తగా మాట్లాడతాడు. తన కూతురు షారోన్ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ నేర్చుకుంటోందనీ, వాక్యాలన్నీ లిస్టుగా ఎక్కిస్తే మీట నొక్కగానే ఒక్కొక్కరికీ ఒకటి టీవీ మీద పడేలా చేస్తుందనీ, అన్నయ్యకి కార్డులు కత్తిరించే శ్రమ తప్పుతుందనీ చెప్పాడు. పాస్టరు ప్రకాష్ అయ్యగారు ముచ్చటపడి సరేనన్నారు. శ్రమ తప్పుతుందంట! తన నోటికాడ కూడు లాగేసి, నమిలే శ్రమ తప్పించాను అన్నట్టుంది జక్రయ్యకి.

తమ్ముడి మీద అతని కడుపుమంట ఇవాళ్టిది కాదు. మిషను హాస్టల్లో ఒకే ఒక్క సీటు వచ్చిన ఏడు, ఇద్దరు కొడుకుల్లో ఎవర్ని పంపాలో తేలక తండ్రి రెండు చీటీలు రాసి టోపీలో వేశాడు. పెద్దాడివి నువ్వే తియ్యరా అన్నాడు. జక్రయ్య తీశాడు. జయపాల్ అని ఉంది. రెండో చీటీని తండ్రి విప్పకుండానే పొయ్యిలో పారేశాడు. రెండిటి మీదా జయపాల్ పేరే రాసి ఉంటాడని జక్రయ్య నమ్మకం. నలభై ఏళ్ళ నమ్మకం. తియ్యడం అనేది ఉత్త మాట, ఎవడో ఒకడు ముందే పెట్టి ఉంచుతాడు.

అందుకే అతనూ పెట్టడం మొదలెట్టాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. కార్డుల్ని విసనకర్రలా పరుస్తాడు. ఎదుటి మనిషి చెయ్యి చాపగానే బొటనవేలితో ఒక కార్డుని నూలుపోగంత ముందుకి తోస్తాడు. ముందుకొచ్చిన కార్డునే మనిషి చెయ్యి తీస్తుంది, కావాలంటే చూసుకోండి. టిక్కీలు కుట్టిన వేళ్ళకి అదొక లెక్కా? బాలింతకి పిల్లల మాట, అప్పులవాడికి ధైర్యం మాట పోయేవి. తమ్ముడికి మాత్రం ఏటా ఒకే రకం, ఓర్చుకో అనే వాక్యం. తనకి ధాన్యం కొట్లు నిండుతాయనే వాక్యం. అయితే ఏం లాభం? ఓపిక ఇచ్చిన ఇంట్లో డాబా లేచింది, డాబా మీద మేడ లేచింది. కొట్లు నిండాల్సిన ఇంట్లో రేకులు కారుతున్నాయి.

క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు షారోన్ లాప్‌టాప్ పట్టుకుని అతని అరుగు మీదికొచ్చింది. వాక్యాల నోటుపుస్తకం అతని దగ్గరే ఉంది మరి. జక్రయ్య ఒక్కొక్కటే చదివి చెబుతుంటే ఆ పిల్ల టైపు చేసింది. నూట నలభై. తర్వాత కింద నాలుగు ముక్కలు ఇంగ్లీషులో కొట్టి, నొక్కి చూడమంది.

"దీన్లో ఎవరికేది పోవాలో ఎవరు చూస్తారమ్మాయ్?"

"ఎవరూ చూడరు పెదనాన్నా. లిస్టులోంచి ఏదో ఒకటి తియ్యమని చెప్తామంతే. ఏది తీస్తుందో నాకూ తెలీదు."

తెలీదంట. జక్రయ్య లోపల్లోపల నవ్వుకుని నొక్కాడు. ఒకటి వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఏడోసారికి ఇందాక వచ్చిన వాక్యమే మళ్ళీ వచ్చింది.

"ఇదేందే? తీసిన కార్డు మళ్ళీ పళ్ళెంలో పెడతారా ఎవరన్నా? ఒకళ్ళ వాగ్దానం ఇంకొకళ్ళకి పోయిద్దా?"

షారోన్ తల కొట్టుకుంది. వచ్చినదాన్ని లిస్టులోంచి తీసెయ్యాలన్న ఆలోచనే తనకి రాలేదంది. ఒక వరుస చెరిపి ఇంకో వరుస రాసింది. క్లాసులో సార్ కూడా ఇంత బాగా చెప్పలేదు పెదనాన్నా అంది. జక్రయ్య మీసం కింద నవ్వొచ్చింది. ఆ పిల్ల గేటు దాటేలోపే అది చేదెక్కింది. ఇరవై రెండేళ్ళ తన పనితనాన్ని తీసి తన చేత్తోనే తమ్ముడి కూతురి పెట్టెలో పెట్టాడు. రేపు చర్చిలో మాస్టారుగారి అమ్మాయి చేసింది అంటారు. ఇందులో జక్రయ్య చెయ్యి కూడా ఉందని ఎవరంటారు?

ఒకటో తేదీ పొద్దున పళ్ళాన్ని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుని పోయాడు. ఎందుకయ్యా అంటే, కరెంటు పోతే ఉండాలిగా అన్నాడు. కరెంటు పోవాలని ప్రార్థన కూడా చేశాడు. ఆరాధన మధ్యలో నిజంగానే పోయింది. జక్రయ్య తువ్వాలు ముడి విప్పుతుండగానే ఫ్యాన్లు మళ్ళీ తిరిగాయి. ఇన్వర్టర్ జయపాల్ వాళ్ళింట్లోంచి తెచ్చి పెట్టారంట.

ఒక్కొక్కరే పోయి నొక్కుతున్నారు. టీవీ మీద పెద్దక్షరాలు పడుతున్నాయి. పత్తి తీతకి పోయే ఆడవాళ్ళు వేలు కొంగుతో తుడుచుకుని మరీ నొక్కి, చూసి మురిసిపోతున్నారు. పళ్ళెం వంక ఒక్కరూ చూడలేదు. జయపాల్ వంతు వచ్చింది. నొక్కాడు.

కొట్లు నిండుతాయనే వాక్యం.

జక్రయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచాడు.

"ఆపండి అయ్యగారూ. ఆ పిల్ల వాళ్ళ నాన్నకి కావాలని పెట్టింది."

షారోన్ మొహం పాలిపోయింది. "నేనేం పెట్టలేదు పెదనాన్నా. దీన్లో అట్లా కుదరదు."

"కుదరకేం? ఇరవై రెండేళ్ళు నేను పెట్టలా? పళ్ళెం పట్టుకున్నోడికి తెలీదా, ఎవరికేది పోవాలో?"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. ఎవరో వెనకనుంచి, మాస్టారికి ఏటా ఓపికే ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసిందిరా అన్నారు. నవ్వులు లేచాయి. జయపాల్ కూడా నవ్వాడు.

"పోనీలే అన్నా. ఆ ఓపిక కార్డులన్నీ బీరువాలోనే ఉన్నాయి. ట్రాన్స్‌ఫర్లప్పుడూ, ఇల్లు కట్టినప్పుడూ నాకు అక్కరకొచ్చింది అదే."

కోప్పడినా బాగుండేది. విషం పోస్తే పాయసంలా తాగి మూతి తుడుచుకున్నాడు.

అప్పుడు లేచింది వీరమ్మ. నాలుగేళ్ళ కిందట ఆమె మొగుడు పత్తి ట్రాక్టరు బోల్తాపడి పోయాడు. అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ఆ జనవరిలో వచ్చిన కార్డు చూసుకునే లేచి పనిలోకి పోయింది. నీకు తోడున్నాను అనే మాట. దేవుడు తనని పేరుపెట్టి పిలిచాడని ప్రతి కూటంలో సాక్ష్యం చెబుతుంది. ఆ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఇప్పటికీ సంచిలో తిప్పుతుంది.

"జక్రయ్యా, నాదీ నువ్వు పెట్టిందేనా?"

అతను పెట్టిందే. ఆమెకి ఏది ఇవ్వాలా అని మూడు రోజులు నోటుపుస్తకం తిరగేశాడు. మొదటి కార్డు మీద సిరా అలుక్కుపోతే రెండోది రాశాడు. ఆ రోజు ఆమె చెయ్యి పక్కకి పోతుంటే కార్డుని ఇంకాస్త ముందుకి తోశాడు. అతని బతుకులో ఇది జక్రయ్య చేశాడు అని చెప్పుకోదగ్గది ఉంటే అదొక్కటే. జయపాల్‌కి డాబా ఉంది, జీతముంది, కూతురుంది. ఇది లేదు. అవును అంటే చాలు, అందరూ వింటున్నారు.

వీరమ్మ చెయ్యి సంచిలోకి పోయి ఆ కవరుని పట్టుకుని ఉంది. బయటికి తియ్యడం లేదు.

"నీది కాదక్కా," అన్నాడు జక్రయ్య. "ఆ ఏడు నాకు జొరం. కళ్ళు తిరుగుతా నిలబడ్డా. నీ చేతికేం వచ్చిందో నేను చూడనే లేదు."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది. "అట్టా చెప్పు మరి," అని కూర్చుంది. సంచిలోంచి చెయ్యి తీసి చీర సర్దుకుంది.

అయ్యగారు గొంతు సవరించుకుని, ఆ సంగతి తర్వాత మాట్లాడదాం, నువ్వు కూడా వచ్చి నీది తీసుకో జక్రయ్యా అన్నారు. అంతమంది ముందు పోక తప్పలేదు. మీట నొక్కాడు.

ఓర్చుకో అనే వాక్యం. నోటుపుస్తకంలోంచి తనే చదివి టైపు చేయించినది, అక్షరం పొల్లుపోకుండా.

"నేను పెట్టలేదు పెదనాన్నా," అంది షారోన్.

"తెలుసులేవే."

నిజంగానే తెలుసు. అదే మింగుడు పడలేదు. ఎవడన్నా పెట్టి ఉంటే బాగుండేది, వాణ్ణి తిట్టుకుంటూ ఇంటికి పోయేవాడు. బల్ల మీద కూర్చుని పళ్ళాన్ని మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు. ముందు వరసలో తమ్ముడి చొక్కా వీపు మీద ఇస్త్రీ గీత నిటారుగా ఉంది. దాన్నే చూస్తూ ఉంటే, పొయ్యిలో కాలిపోయిన ఆ రెండో చీటీ మీద ఒకవేళ తన పేరే ఉందేమో అని, నలభై ఏళ్ళకి మొదటిసారి అనిపించింది. తువ్వాలు ముడి గట్టిగా బిగించాడు.