కుడిచేతి వాసన

పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసుకు రాగానే రసజ్ఞ చేసే మొదటి పని పరాయివాళ్ళ చెమట తుడవడం. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క భవనం, ఆరో అంతస్తు, చివరి గది. గోడకున్న కొక్కేలకు ఎనిమిది హెడ్‌సెట్లు వేలాడుతుంటాయి. కళ్ళకు పెట్టుకుంటే ఎదురుగా లేని లోకాన్ని చూపించే అద్దాలవి. ముఖానికి ఆనే స్పాంజి మీద నిన్నటి మనుషుల నుదుటి జిడ్డు, ఎవరిదో కాటుక, ఎవరిదో పౌడరు, ఒక్కోసారి రాలిన కనురెప్ప వెంట్రుక. రసజ్ఞ ముక్కు బిగబట్టి, నోటితో గాలి పీలుస్తూ తుడుస్తుంది. నాలుగేళ్ళయినా ఆ రోత అలవాటు కాలేదు.

పేరుకు ఉద్యోగం పెద్దదే. ఆ లోకంలో మనిషి చెయ్యి ఎలా కదలాలి, తలుపెలా తీయాలి, వస్తువునెలా పట్టుకోవాలి అని పద్ధతులు ఆలోచించడం. జనాన్ని పిలిచి వాడించి, ఎవరు ఎక్కడ తడబడ్డారో రాసుకుని, ఏ పద్ధతి పనికొస్తుందో తేల్చడం.

ఆ గదిలో ఒక సంగతి ఉంది. హెడ్‌సెట్‌లో దేన్ని ముట్టుకుంటే అది బయట చేతికి అంటుకునేది. పోయినేడు వంటింటి ఆట తయారుచేసినప్పుడు పరీక్షకు వచ్చినవాళ్ళంతా పసుపు వేళ్ళతో బయటికొచ్చారు. ఫర్నిచర్ దుకాణం పని చేసినప్పుడు వార్నిష్. అడ్మిన్ వాళ్ళు గది బయట ఒక వాష్‌బేసిన్ పెట్టించి, 'పరీక్ష తర్వాత చేతులు కడుక్కోగలరు' అని కాగితం అంటించి ఊరుకున్నారు. హౌస్‌కీపింగ్ రుక్కమ్మ ఒక్కతే సణిగేది.

"గీ తువ్వాళ్ళు ఎన్నని ఉతకాలె మేడమ్? పసుపు పోతది గని, గా వార్నిష్ పోతలేదు. తుడుసుకునే ముందు జర సబ్బు పెట్టుమనుర్రి."

ఆ వానాకాలం కొత్త పని వచ్చింది. మురుగుకాలువలు బాగుచేసే కాంట్రాక్టు కంపెనీ ఒకటి, కొత్తగా చేరేవాళ్ళకు హెడ్‌సెట్‌లోనే శిక్షణ ఇప్పించాలనుకుంది. మ్యాన్‌హోల్ మూత తెరవడం, లోపలి గ్యాసు పోయేదాకా ఆగడం, మీటరు దించి చూడడం, మిషన్ గొట్టం వదలడం. ఆ జాబితాలో చివరి వాక్యాన్ని రసజ్ఞ రెండోసారి చదివింది. 'అడ్డుపడినది చేత్తో తీయాలి.'

"చేత్తోనా? మనుషులు దిగకూడదు కదా," అంది మేనేజర్ శివశంకర్‌తో.

"క్లయింట్ ఇచ్చిన లిస్ట్ అది. మనం చేసేది డిజైన్. మిగతాది మనకెందుకు?" అన్నాడతను లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

పద్ధతి అతనే తేల్చేశాడు. మూత వైపు చెయ్యి చాచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటికెడు ఉప్పు తీసినట్టు పట్టుకుంటే చాలు, మూత గాల్లోకి లేస్తుంది. ఆఫీసువాళ్ళు పన్నెండు మంది పరీక్షకు వచ్చారు. ఒక్కొక్కరూ నలభై సెకన్లలో ముగించారు. మోచేతి దాకా నల్లటి బురదతో బయటికొచ్చి, డోకుతూ, వాష్‌బేసిన్ దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు. ఒకతను ఆ చేతిని ఫోన్లో వీడియో తీసుకుని, స్నేహితురాలి ముఖం దగ్గర ఆడించి పకపకా నవ్వాడు. రసజ్ఞకు బురద కన్నా ఆ నవ్వు ఎక్కువ వెగటనిపించింది.

మర్నాడు అసలు పనివాళ్ళు పన్నెండు మంది వచ్చారు. వాళ్ళను సెక్యూరిటీ మనిషి సామాన్ల లిఫ్టులో ఎక్కించి పంపాడు. వాళ్ళు గదిలో అడుగుపెట్టేలోపే ఎవరో మల్లెపూల స్ప్రే కొట్టిపోయారు. మల్లెలూ మురుగూ కలిసి గదంతా ముక్కిపోయిన పెళ్ళిపందిరిలా కంపు కొట్టింది. రసజ్ఞ తనకు తెలియకుండానే కుర్చీ వెనక్కి జరుపుకుంది. ముందున్న మనిషి అది చూశాడు. తనే రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆయన పేరు నర్సయ్య. యాభైకి దగ్గర పడిన మనిషి. పాలమూరు నుంచి వచ్చి శేరిలింగంపల్లిలో కిరాయికి ఉంటున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

హెడ్‌సెట్ పెట్టుకుని చేతులు చాపాడు. దాని కెమెరాకు అవి కనపడలేదు. ఉబ్బిన వేళ్ళు, ఊడిన గోళ్ళు, పగిలి బిరుసెక్కిన చర్మం. అది మనిషి చెయ్యేనని యంత్రం ఒప్పుకోలేదు.

"నా చెయ్యేది మేడమ్? నాకు అవుపడతలేదు."

"కొంచెం పైకెత్తండి. ఇప్పుడు రెండు వేళ్ళు కలపండి. మూత లేస్తుంది."

నర్సయ్య కాసేపు ప్రయత్నించి, చేతులు దించేశాడు. "గిట్ల రెండేళ్ళతోని మూత ఎవడు లేపుతడు మేడమ్? యాభై కిలోలుంటది. గడ్డపార పెట్టి, పక్కకు నిలవడి, మొఖం అటు తిప్పుకొని లేపాలె. ఎదురుంగ నిలవడితే లోపటి గాలి మొఖాన కొడ్తది. మా తమ్ముడు గట్లనే పడ్డడు."

"పడితే?"

"ఇగ లేవలే."

హెడ్‌సెట్ తీసి ఆమె చేతికిచ్చాడు. లోపల దేన్నీ ముట్టుకోలేకపోయాడు గనుక ఆయన చేతులు వచ్చినట్టే ఉన్నాయి. మిగిలిన పదకొండు మంది సంగతీ అంతే.

ఆ వారమంతా రసజ్ఞ ఇంకో పద్ధతి కట్టింది. నర్సయ్యను మూడు రోజులు కెమెరా ముందు కూర్చోబెట్టి, అలాంటి చెయ్యి కూడా చెయ్యేనని యంత్రానికి నేర్పింది. గడ్డపారను రెండు చేతులతో పట్టుకోవాలి. పక్కకు తిరిగితేనే మూత లేస్తుంది. గ్యాసు పోయేదాకా ఆగకపోతే పని ముందుకు సాగదు. ఈసారి పన్నెండు మందీ తడబడకుండా చేశారు. నల్లబడిన కుడిచేతులతో బయటికొచ్చి, కడుక్కుని, రుక్కమ్మ తువ్వాలు ముట్టుకోకుండా తమ లుంగీలకే తుడుచుకుని వెళ్ళిపోయారు.

"పదకొండు నిమిషాలా!" అన్నాడు శివశంకర్ రిపోర్టు చూసి. నోట్లో ఎగ్ పఫ్ ఉంది. మాట్లాడుతుంటే దాని పొరలు బల్ల మీద రాలుతున్నాయి. "డెమోలో అంతసేపు ఎవరు చూస్తారు? ఆ ఆగడాలూ అవీ తీసెయ్. పాత చిటికె పద్ధతే ఉంచు. బురద కూడా తీసేసి నీలం నీళ్ళు పెట్టిస్తున్నా. మన కార్పెట్ నాశనమవుతోంది."

"గ్యాసు పోవడానికే కదా ఆ ఆగడం. చిటికె పద్ధతి నేర్చుకున్నవాడు రేపు ఆగకుండా నిజం మ్యాన్‌హోల్ మీదికి వంగుతాడు."

"రసజ్ఞా, ప్లీజ్. నీ పన్నెండు మందీ పాత పద్ధతిలో ఫెయిలయ్యారు. వాళ్ళని లెక్కలోంచి తీసెయ్. ఆఫీసువాళ్ళ మార్కులు చాలు. ఐదుకి నాలుగున్నర వచ్చింది. చక్కగా ఉంది."

అంటూనే పఫ్ పట్టుకున్న వేళ్ళతోనే తెర మీద పన్నెండు పేర్ల వరుసను నొక్కి చెరిపేశాడు. పేర్లున్న చోట నూనె మరక మిగిలింది. రసజ్ఞ ఆ మరకనే చూస్తూ ఉండిపోయింది. నాలుగేళ్ళుగా తను తుడిచిన చెమటంతా దీని ముందు గంగాజలం అనిపించింది. అయినా రిపోర్టు కింద సంతకం పెట్టింది. పెట్టి ఇంటికెళ్ళి రెండుసార్లు తలస్నానం చేసింది. అన్నం ముందు కూర్చుంటే తన చెయ్యి చూసుకుని తనకే ఏవగింపు పుట్టింది. తల్లి సీతాబాయి "ఏమైందే?" అంటే "ఏం లేదు" అని కంచం జరిపేసింది.

శుక్రవారం డెమో. కాలువల పనులకు అనుమతులిచ్చే ఇంజనీరు భీమేశ్వరరావు వచ్చాడు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, అరవై దగ్గర వయసు. శివశంకర్ ముందే చెప్పి ఉంచాడు: నీలం నీళ్ళదే పెట్టాలి. రసజ్ఞ తను కట్టిన గడ్డపార పద్ధతినే, బురదతో సహా పెట్టింది. ఒక మనిషి పక్కనుండి చూపించాలంటూ నర్సయ్యను కూడా పిలిపించింది.

భీమేశ్వరరావు హెడ్‌సెట్ పెట్టుకుని, శివశంకర్ చెప్పినట్టు రెండు వేళ్ళు కలిపాడు. "లేవట్లేదేంటండీ ఇది?"

"గట్ల లేవది సార్," అంటూ నర్సయ్య వెనకనుంచి ఆయన మణికట్లు పట్టుకున్నాడు. "గడ్డపార గట్టిగ పట్టుర్రి. పక్కకు జరుగుర్రి. మొఖం ఇటు. ఆగుర్రి సార్, ఇప్పుడే వంగద్దు."

శివశంకర్ రసజ్ఞ వైపు కళ్ళెర్రజేశాడు. పెద్దమనిషి ముందు మాత్రం నవ్వు పులుముకున్నాడు.

చివరి పని దగ్గర ఆగి ఇంజనీరు అడిగాడు, "ఇక్కడ చేత్తో తీయమంటోంది. మిషన్లతో కదండీ తీసేది? నేను సంతకాలు పెట్టే కాగితాల్లో అలాగే ఉంటుంది."

"మిషన్ గల్లీలకు రాదు సార్. చెయ్యి పెట్టుర్రి. ఇంకా లోపటికి. గుడ్డ తగుల్తది, గుంజుర్రి."

భీమేశ్వరరావు గుంజాడు. హెడ్‌సెట్ తీసి చూసుకున్నాడు. తెల్లచొక్కా మోచేతి దాకా నల్లగా, జిగటగా ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఏదో కారుతోంది. ఆయన పరుగులాంటి నడకతో వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళాడు. సబ్బు అరిగిపోయేదాకా కడిగాడు. నలుపు వదిలింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కక్కుకున్నాడు. అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున రసజ్ఞ కార్డుకు ఆఫీసు గేటు తెరుచుకోలేదు. సెక్యూరిటీ అతను ఆమె బల్ల మీది సామానంతా ఒక అట్టపెట్టెలో పెట్టి తెచ్చిచ్చాడు.

బుధవారం పొద్దున నర్సయ్య ఫోన్ చేశాడు. "మేడమ్, ఖాజాగూడ చెర్వు కాడ లైను జామైంది. అసలు పని సూడాలన్నరు గద. రార్రి."

రెండు రోజుల వానకు రోడ్డంతా మురుగు పొంగి ఉంది. అపార్ట్‌మెంట్ల గోడ పక్కన మ్యాన్‌హోల్ తెరిచి ఉంది. లోపలినుంచి వస్తున్న కంపుకు రసజ్ఞ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. గదిలో చేతులకు అంటింది దీనిలో వందో వంతు కూడా కాదు. శిక్షణ కోరిన ఆ కాంట్రాక్టు కంపెనీ మనిషి చెన్నకేశవులు నర్సయ్య నడుముకు తాడు బిగిస్తున్నాడు.

"ఇంకొంచెంసేపు ఆగుదమే. గాలి సాఫ్ కాలే," అంటున్నాడు నర్సయ్య.

"పైనుంచి ఫోన్ల మీద ఫోన్లొస్తున్నయ్. ఎన్నడు లేంది ఇయ్యాల ఫికర్ ఏందే నీకు? దిగు."

"మీటరుతో చూశారా?" అంది రసజ్ఞ మూతి తుడుచుకుంటూ.

చెన్నకేశవులు ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వెవలమ్మా?"

నర్సయ్య ఒక కాలు లోపలి ఇనుపమెట్టు మీద పెట్టాడు. అప్పుడే జీపు వచ్చి ఆగింది. లైను జామైందన్న కబురందిన భీమేశ్వరరావు దిగాడు. గడ్డం పెరిగింది. కుడిచెయ్యి ఒంటికి తగలకుండా, ఎవరిదో మోసుకొస్తున్నట్టు, ఎడంగా పట్టుకుని ఉన్నాడు.

"ఆయన్ని పైకి రమ్మనండి," అన్నాడు.

"అరగంటల అయిపోతది సార్, మీరెందుకు పరేషాన్ అయితరు..."

"రమ్మనండి!"

జీపులోంచి గ్యాసు మీటరు తెప్పించాడు. డ్రైవరు దానికి తాడు కట్టి లోపలికి వదిలాడు. రెండు మూరలు దిగిందో లేదో, అది కీచుమని అరవడం మొదలుపెట్టింది. లాగేదాకా అరుస్తూనే ఉంది. చెన్నకేశవులు నోటిమీద చెయ్యి పెట్టుకుని గోడకు జారగిలబడ్డాడు. నర్సయ్య తన కాలి వైపు, ఇనుపమెట్టు వైపు మార్చి మార్చి చూశాడు.

భీమేశ్వరరావు ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "ఐదు రోజులైందండీ. ఈ చేత్తో ముద్ద కలపలేకపోతున్నాను. నిమ్మకాయ రుద్దాను, చింతపండు రుద్దాను. ముద్ద నోటిదాకా వస్తే అదే వాసన. మా పద్మావతి చెంచా ఇచ్చి అవతల కూర్చుంటోంది."

"మా ఇంటిది గూడ మొదట్ల గట్లనే జేసింది సార్."

"మరి ఎప్పుడు పోతుందిది?"

"పోదు సార్," అన్నాడు నర్సయ్య. అన్నది చాలా మెల్లగా, ఇంట్లో చావుకబురు చెప్పినట్టు.

ఇంజనీరు ముఖంలో జాలి అంటూ ఏమీ లేదు. ఒట్టి రోత. జీపు బానెట్ మీద కాగితం పరిచాడు. తన కిందున్న ఏ లైనులోకీ ఏ కారణంతోనూ మనిషిని దించకూడదనీ, మిషన్ రాని గల్లీ ఉంటే చిన్న మిషన్ తెప్పించేదాకా ఆ పని ఆపాలనీ, ఈ కాంట్రాక్టు నేటితో రద్దనీ, మిషన్లు నడిపేవాళ్ళకు పని నేర్పడానికి నర్సయ్యను తీసుకోవాలనీ రాశాడు. కుడిచేత్తో కలం పట్టుకోవడానికి మనసొప్పక అంతా ఎడమచేత్తోనే రాశాడు. కింద సంతకం కూడా అలాగే పెట్టాడు. అక్షరాలు బడి పిల్లవాడు దిద్దినట్టు వంకరపోయాయి. అయినా ఆ వంకర సంతకం చెల్లింది. ఆ లైనులోకి ఆ రోజు మనిషి దిగలేదు. ఆ తర్వాతా దిగలేదు.

నర్సయ్య నడుముకున్న తాడు విప్పుకోబోయాడు. రోడ్డు మీది మురుగులో నానిన ముడి బిగుసుకుపోయింది. ఆ ఉబ్బిన వేళ్ళకు అది లొంగలేదు. రసజ్ఞ ముందుకొచ్చి, మురుగు కారుతున్న ఆ ముడిలోకి గోళ్ళు దూర్చి, ఊపిరి బిగబట్టి, వదులయ్యేదాకా లాగింది.