ఆఖరి రేకు

కప్పులోంచి నీళ్ళు ధారకట్టి పడుతున్నాయి. అట్టపెట్టెల యూనిట్ యజమాని ఉదయ్‌కుమార్ టార్పాలిన్ పట్టుకుని కాగితం రోల్స్ చుట్టూ పరుగెడుతున్నాడు.

"షెడ్డు వేసి నాలుగు నెలలు కాలేదు రాజుగారూ! ఎవడు వేశాడండీ ఆ రేకు?"

సన్యాసిరాజు అప్పటికే నిచ్చెన మీద సగం దూరం ఎక్కాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. ఎండకు నల్లబడ్డ మెడ, రేకుల అంచులు కోసిన గాట్లతో మొద్దుబారిన అరచేతులు. మెట్టుమెట్టుకూ కుడి మోకాలు టక్కుమంటోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆటోనగర్ షెడ్లకు కప్పు అంటే ఆయన పేరే. హుద్‌హుద్ తుఫానుకు ఊళ్ళో రేకులు కాగితాల్లా ఎగిరినా, ఆయన వేసిన కప్పు ఒక్కటీ కదల్లేదు.

ఆ గీరతోనే భార్య గౌరీశ్వరికి ఒక మాటిచ్చాడు. ఆమె ఎప్పుడు ఆదివారం అడిగినా, ఎప్పుడు ఆ మోకాలిని చూసి "ఇక చాలు" అన్నా ఒకటే జవాబు: "నా సేత్తో ఏసిన రేకు కారిన్రోజు దిగిపోతాను, మల్లీ ఎక్కను."

ఆ రోజు రాలేదు. ఆదివారాలూ రాలేదు. కూతురు అలేఖ్య బడిలో నాట్యం చేసిన సాయంత్రం ఆయన మల్కాపురంలో గోడౌన్ కప్పుతున్నాడు. ఆమె పట్టా పుచ్చుకున్న రోజున మరో కప్పు మీద ఉన్నాడు.

ఇప్పుడు ఒక రేకు కారుతోంది. ఎవరిదో తేల్చడం కష్టం కాదు. ఆయన దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరు వేసిన రేకు అడుగున వాళ్ళు ఎర్ర రెడాక్సైడ్ రంగులో బొటనవేలు ముంచి అద్దాలి. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. పని చేసినవాడి పేరు పనిమీద ఉండాలంటాడు.

నిచ్చెన చివర మెడ తిప్పి కారే రేకు అడుగుకు టార్చి కొట్టాడు. పక్క రేకుల మీద వేలిముద్రలు వరసగా ఉన్నాయి. దీనిమీద లేదు. ముద్ర ఉండాల్సిన చోట రేకు తళతళలాడుతోంది. రంగు తుడిచే థిన్నర్ వాసన ఘాటుగా కొట్టింది.

ఎవరో తుడిచేశారు. అదీ ఈ ఉదయమే.

కిందికి చూశాడు. నిచ్చెన పట్టుకుని కొండలరావు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన కుడిభుజం. అతని జేబులోంచి గుడ్డముక్క ఒకటి వేలాడుతోంది, ఎర్రగా.

"ఏటిది కొండలా?"

కొండలరావు తల వంచుకున్నాడు. "నానేసిన రేకే బావా. సిగ్గేసి తుడిసేసినాను."

సన్యాసిరాజు గుండె ఒక్కసారి తేలికపడింది. తనది కాదు. దిగక్కర్లేదు. అలా తేలికపడినందుకు తనమీద తనకే ఒళ్ళుమండింది.

వాన తగ్గేదాకా ఆగి, నడుముకు తాడు కట్టుకుని ఇద్దరూ పైకెక్కారు. అక్కణ్ణుంచి చూస్తే ఆటోనగర్ సగం ఆయన కప్పులే. అటు పోర్టు క్రేన్లు, ఇటు స్టీల్‌ప్లాంట్ పొగగొట్టాలు, మధ్యలో వానకు కడిగిన ఆయన రేకులు. ఎప్పుడు చూసినా ఛాతీ పొంగేది. ఇవాళ చూపు ఆగలేదు, నేరుగా సముద్రం వైపు చివరి రేకు మీదికి పోయింది.

వంగి అంచు తడిమాడు. తప్పు దొరికింది.

రేకు మీద రేకు కప్పేటప్పుడు పై అంచు సముద్రం గాలికి వీపు పెట్టాలి. ఇక్కడ ఆఖరి రేకును ముందు రేకు మీదికి కప్పలేదు, దాని కిందికి దూర్చారు. అంచు గాలికి నోరు తెరుచుకుంది. వాన నేరుగా లోపలికి కొట్టింది. పైకెత్తి కప్పాలంటే ఇద్దరు కావాలి. కిందికి దూర్చడానికి ఒక్కడు చాలు.

ఒక్కడు.

ఈ షెడ్డు పని ముగిసిన జూన్ నెల సాయంత్రం గుర్తొచ్చింది. యాభై నాలుగేళ్ళ వయసులో స్కూటర్ నేర్చుకున్న గౌరీశ్వరి మొట్టమొదటిసారి ఆయన్ని వెనక ఎక్కించుకుని యారాడ బీచికి తీసుకెళ్తానని వచ్చింది. కింద గేటు దగ్గర హారన్ మీద హారన్. కొండలరావు అప్పటికే సామాను వ్యానులో సర్దుతున్నాడు. పైన మిగిలింది ఒక్క రేకు, ఒక్క మనిషి.

ఆ సాయంత్రం యారాడలో ఇసుక మీద ఆమె నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చింది.

"ముద్ర ఎవరిది కొండలా?"

"సెప్పినాను గదా, నాదని."

"ఆ సాయంత్రం నువ్వు కిందున్నావ్."

కొండలరావు ఎర్ర గుడ్డను జేబు లోపలికి కుక్కుకున్నాడు. "ముప్పయ్యేళ్ళ పేరు బావా. నాది పోతే ఏటి, రెండ్రోజులు నవ్వుతారు. నీది పోకూడదు."

"పిచ్చోడా," అన్నాడు సన్యాసిరాజు. "సరే, ఆ సివర ఎత్తు."

ఇద్దరూ కలిసి స్క్రూలు విప్పారు, రేకు పైకెత్తి సరిగ్గా కప్పారు. పూర్తయ్యేసరికి మూడు దాటింది. కొండలరావు బకెట్‌తో అంచుమీద నీళ్ళు కుమ్మరించాడు. సన్యాసిరాజు అలవాటు ప్రకారం తెల్లచొక్కా వేసుకుని సరిగ్గా దాని కింద నిలబడ్డాడు. ఒక్క చుక్క పడలేదు.

ఉదయ్‌కుమార్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంతకీ ఎవరి నిర్వాకమండీ? వాణ్ణి మళ్ళీ నా గేటు లోపలికి రానివ్వను."

పనివాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. కొండలరావు ఒకడుగు ముందుకేశాడు. సన్యాసిరాజు అతని భుజం పట్టి వెనక్కి లాగాడు. నిచ్చెనెక్కి, ఎర్ర డబ్బాలో బొటనవేలు ముంచి, తుడిచిన చోట గట్టిగా అద్దాడు.

"ఈ రేకు నానేసినాను. సన్యాసిరాజు. తప్పు నాదే." షెడ్డంతా వినపడింది. "మా ఆవిడ హారన్ కొట్టిందని తొందరపడ్డాననుకునేరు. ఆవిడది కాదు తప్పు. ముప్పయ్యేళ్ళలో పెందలాడే ఇంటికెళ్ళడం నేర్సుకోలేదు. అందుకే ఎల్లిన ఒక్కరోజూ పరిగెత్తవలిసొచ్చింది."

ఎవరూ నవ్వలేదు. ఉదయ్‌కుమార్ ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎర్రరంగు అంటుకున్నా వదల్లేదు.

సన్యాసిరాజు ఫోన్ తీశాడు. "గౌరీ, నా రేకు కారింది. వస్తావా?"

అరగంటలో గేటు దగ్గర స్కూటర్ ఆగింది. గౌరీశ్వరి హెల్మెట్ తియ్యకుండానే ఆయన్ని ఎగాదిగా చూసింది. "దిగినావా?"

"దిగినాను."

"మరి ఆ ఏడుపు మొహం ఏటి? నిజం సెప్పి దిగినావట, కొండలన్నయ్య ఫోన్ సేసినాడు. ఎక్కు."

ఆయన తల ఎత్తుకుని వెనక సీటెక్కాడు. స్కూటర్ నెమ్మదిగా మలుపు తిరిగింది.

షెడ్డులో నిచ్చెన మూడో మెట్టుకు ఆయన నడుము తాడు వేలాడుతోంది. దాని పక్కనే మూత పెట్టని ఎర్ర డబ్బా, అంచు మీద ఇంకా ఆరని బొటనవేలి ముద్ర.