సెనేటర్ గారి వంకర రాత

ఆర్డెన్ విట్లాక్ సంతకం నాకు నా మొగుడి ముఖం కన్నా బాగా గుర్తు. మొగుడితో తొమ్మిదేళ్లే కాపురం చేశాను. ఆ సంతకంతో ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. విట్లాక్ గారు మా వెస్ట్ వర్జీనియా నుంచి నాలుగుసార్లు సెనేటర్‌గా గెలిచారు. ఆయన పోయాక ఉత్తరాలన్నీ ఆరువందల పెట్టెల్లో ఛార్ల్‌స్టన్‌లోని మా పాత కాగితాల భాండాగారానికి చేరాయి. వాటిలో ఆయన పంపిన ఉత్తరాల పెట్టెలు విప్పి, తుప్పుపట్టిన గుండుసూదులు పీకి, తేదీల వారీగా సర్దింది నేనే. ప్రెసిడెంట్లకు రాసినవీ, గవర్నర్లతో పోట్లాడినవీ, ఆవు చచ్చిపోయిందని మొరపెట్టుకున్న రైతుకు రాసినవీ అన్నీ చదివాను. అన్నింటి కిందా ఆ సంతకమే. గుండ్రంగా, ముద్దుగా, ఒక్క వంకర లేకుండా ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు గుళ్లో నిలబడ్డట్టుండేది.

అందుకే స్టోనీ ఫోర్క్ నుంచి వచ్చిన నకలు చూసి నాకు ఒళ్లు మండింది.

స్టోనీ ఫోర్క్ బొగ్గుగనిలో 1958లో పేలుడు జరిగి ముప్పై ఒక్కమంది పోయారు. నలభై ఏళ్లు నిండుతున్నాయని అక్కడివాళ్లు స్మారక మందిరం కట్టారు. వచ్చే శనివారం ప్రారంభం. చనిపోయినవారిలో ఒకడైన డెల్మర్ స్టాంపర్ భార్య, సెనేటర్ తనకు స్వయంగా రాసిన ఉత్తరం ఉందనీ, దాన్ని గోడకు పెట్టాలనీ అడిగిందట. కమిటీవాళ్లకు అనుమానం వచ్చి నకలు నాకు పంపారు.

కోడి కెలికినట్టున్న రాత. 'మీ ఆయన నాకు ముందే రాశాడు. నేను చదవలేదు. అతను పోయాక చదివాను. నేను చెప్పుకోడానికి సాకేమీ లేదు. తప్పు నాది. నా రాత బాగుండదు, మన్నించండి.' కింద పేరు కూడా ఆ వంకర రాతలోనే ఉంది.

నలభై వేల ఉత్తరాలు చదివినదాన్ని. రాజకీయ నాయకుడు 'విచారిస్తున్నాను' అంటాడు, 'పరిశీలిస్తాను' అంటాడు. 'తప్పు నాది' అన్నవాడు ఒక్కడంటే ఒక్కడు నాకు తగల్లేదు. పైగా ఆఫీసు నుంచి బయటికెళ్లిన ప్రతి ఉత్తరానికీ సంతకంతో సహా ఒక పల్చటి కార్బన్ నకలు ఫైల్లో ఉంటుంది. దీనికి లేదు. పది నిమిషాల్లో జవాబు టైపు చేసి పడేశాను: 'ఇది సెనేటర్ విట్లాక్ రాత కాదు. నకిలీ.'

గురువారం పొద్దున కాపలా ఓటిస్ కింది నుంచి ఫోన్ చేశాడు.

"జెనీవా, నీకోసం ఒకావిడ వచ్చింది. మంచి కోపంమీదుంది. చూస్తే నీకు అక్క అవుతుందేమో అనిపించింది."

"నోర్ముయ్, పైకి పంపించు."

డెబ్భై ఏళ్ల మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. నాలుగు గంటలు బస్సులో వచ్చిందట. కోటు కూడా విప్పకుండా నా బల్ల ముందు కూర్చుని, చేతిసంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది.

"నేను వెర్నా లీ స్టాంపర్‌ని. నన్ను దొంగని రాసింది నువ్వేనా తల్లీ?"

"దొంగని రాయలేదండీ. ఉత్తరం నకిలీ అని రాశాను."

"మరి నకిలీది ఎవరు పుట్టించినట్టు? నా పిల్లా? అప్పటికది కడుపులో ఐదో నెల."

ఆవిడ ఆగలేదు.

"నలభై ఏళ్లుగా ఊళ్లో నా వెనక నవ్వుతున్నారు. సెనేటరు దీనికి ఉత్తరం రాశాట్ట అని. సరే, నవ్వుకోనీ అనుకున్నా. ఇప్పుడు నీ కాగితం పట్టుకుని కమిటీ ఆయన చర్చిలో అందరి ముందూ చదివాడు. నా మనవరాలు తలొంచుకుంది. ఎల్లుండి ఆ మందిరం తెరుస్తారు. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావ్?"

"చూడండమ్మా," అని సెనేటర్ సంతకాలు నాలుగు తీసి వరసగా పేర్చాను. "ఇదీ ఆయన సంతకం. మీరే చెప్పండి, కలుస్తోందా?"

ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నాకు తెలుసు," అంది మెల్లగా. "ఈ సంతకంతో కూడా ఒకటొచ్చింది. డెల్మర్‌ని పూడ్చిపెట్టిన మర్నాడు. వాడి పేరు మీదే. 'మీ ఉత్తరం అందింది, సంబంధిత శాఖకు పంపాము' అని టైపు. అప్పటికి నాకు వాడు ఉత్తరం రాశాడనే తెలీదు. తిక్కరేగి పొయ్యిలో పెట్టేశాను. వారం తర్వాత ఈ వంకరది వచ్చింది."

నా లెక్కప్రకారం అసలుదాన్ని కాల్చేసి, నకిలీదాన్ని దాచుకుందన్నమాట. నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"మా ఆయన ఉత్తరం వెతికావా?" అంది ఆవిడే. "వాడు రాసింది ఇక్కడే ఉండాలిగా?"

వెతకలేదు. బయటికి వెళ్లినవాటిలోనే చూశాను గానీ లోపలికొచ్చినవాటి జోలికి పోలేదు; ఆ పెట్టెలు నేనింకా విప్పి సర్దనేలేదు. ఆ మాట ఒప్పుకోడానికి పౌరుషం అడ్డొచ్చి, "కూర్చోండి, చూసొస్తా" అని లేచాను. నిజం చెప్పాలంటే, లేదని రుజువు చేద్దామనే వెళ్లాను.

గనుల ఫిర్యాదులు పదకొండు పెట్టెలు. ఏడో పెట్టెలో, పెన్షన్ల గొడవలకూ రోడ్ల గొడవలకూ మధ్య, గీతల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి దొరికింది. పైన 'అందినది, నవంబరు 3' అని ముద్ర. పేలుడు జరిగింది పద్నాలుగున. వెనక పిన్నుతో గుచ్చి, 'మీ ఉత్తరం అందింది' అన్న జవాబు కార్బన్ నకలు. తేదీ నవంబరు 12.

కాగితం అంచున పెన్సిలుతో, కోడి కెలికినట్టు, నాలుగు వరసలు.

'మిస్ క్రోవెల్, ఇది నా బల్ల మీదికి ఎందుకు రాలేదు? మీ తప్పు కాదు, మిమ్మల్ని అలా అలవాటు చేసింది నేనే. ఈ ఒక్కదానికి జవాబు నేనే రాసుకుంటాను. దీనికి మాత్రం నా సంతకం మీరు పెట్టకండి.'

నిచ్చెన మెట్టు మీద అలాగే కూలబడ్డాను. ఆరువందల పెట్టెలు నా చుట్టూ నిలబడి ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా నేను దణ్ణం పెట్టుకున్న ఆ చక్కటి చేతిరాత ఆయన టైపిస్టు మిస్ క్రోవెల్‌ది. అంత పెద్దమనిషి, ప్రెసిడెంట్లకు రాసే ఉత్తరాల మీద కూడా ఇంకొకరిచేత సంతకం పెట్టించినవాడు, తన వంకర రాత చూసుకుని సిగ్గుపడ్డవాడు, ఒక్క గనికూలి భార్య దగ్గర మాత్రం ఆ రాతని దాచుకోలేదు. ఇంత గొప్ప కాగితాన్ని నేను ఎన్నడూ ముట్టుకోలేదు. అదే చేత్తో రాసిన ఆవిడ ఉత్తరాన్ని నకిలీ అన్నాను.

ఆ నోటుపుస్తకం కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆవిడ దగ్గరికి తెచ్చాను.

"అమ్మా, తప్పయిపోయింది. మీదే అసలుది. మా దగ్గరున్నవే..." అని చెప్పబోయాను. ఆవిడ నా మాట వినలేదు. పెన్సిలు రాతవైపు కూడా చూడలేదు.

"డెల్మర్ రాత," అంది. "ఇది డెల్మర్ రాత."

ఏ కాగితమైనా మేం బల్ల మీదే పెట్టి చూపించాలి. చేతికివ్వకూడదు. ఇచ్చేశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ పైకి చదివింది.

"'అయ్యా, రెండో సొరంగంలోకి గాలి తోసే పంకా సరిగా తిరగడం లేదు. బొగ్గుదుమ్ము నిప్పంటుకోకుండా దానిమీద సున్నపురాతి పొడి చల్లడం మానేశారు. అడిగితే ఇంటికి పొమ్మంటున్నారు. నా పేరు బయటపెట్టకండి, ఉద్యోగం పోతుంది. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. చెబితే నన్ను కిందికి దిగనివ్వదు.'"

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. దాన్నే మళ్లీ ఒకసారి, నోట్లోనే చదువుకుంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గులేకుండా.

"నిజమే," అంది కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "దిగనిచ్చేదాన్ని కాదు. బూట్లు తీసుకెళ్లి ఏట్లో పడేసేదాన్ని."

నేను టైపు మిషను ముందుకు లాక్కుని, మళ్లీ పక్కకి నెట్టేశాను. తెల్లకాగితం తీసుకుని చేత్తోనే రాశాను. కమిటీవారికి, ఆ ఉత్తరం సెనేటర్ విట్లాక్ స్వహస్తాలతో రాసినదే. వెతకకుండా నకిలీ అన్నాను. తప్పు నాది. ఆ రెండు మాటలు రాయడానికి ఎంత బలం కావాలో నాకప్పుడు తెలిసింది.

ఆవిడ చదువుకుని, మడిచి, సంచీలో పెట్టుకుంది. సెనేటర్ ఉత్తరం మాత్రం బల్ల మీదే వదిలేసింది.

"ఇది నీ దగ్గరుంచుకో తల్లీ. ఆయన కాగితాలతో పాటు ఉండనీ. గోడకి డెల్మర్‌ది పెట్టిస్తాను. నాకు దాని నకలు తీసివ్వు."

"పేరు బయటపెట్టొద్దని రాశాడు కదమ్మా," అన్నాను.

ఆవిడ లేచి కోటు గుండీ పెట్టుకుంది.

"ఇప్పుడు వాడి ఉద్యోగం ఎవడు తీస్తాడే?" అంది. "పేరు కాస్త పెద్దగా కనపడేట్టు తియ్యి."