వ్యాన్ ఎవరు దించుతారు

"ఎవరో ఒకరు వ్యాన్ కిందికి దించాలి కదా."

ఈ మాట కొర్రాడో మొదటిసారి అన్నప్పుడు నిజంగానే ఎవరో ఒకరు అనుకుంది మార్జియా. ఆ ఇంట్లో ఎవరో ఒకరు అంటే తనేనని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. తెల్లారకముందే ఎవరో ఒకరు లేచి బేకరీ నుంచి వేడి ఫొకాచ్చా రొట్టెలు తేవాలి. కొండ దారుల్లో సైకిల్ తొక్కడానికి వచ్చి దిగే అతిథులు ఖాళీ చేసిన గదుల్లో దుప్పట్లు ఎవరో ఒకరు మార్చాలి. బురదా చెమటా పట్టిన చొక్కాలు ఎవరో ఒకరు నానబెట్టాలి. ఇవన్నీ అయ్యాక, వెనక సైకిళ్ల ట్రెయిలర్ తగిలించిన వ్యాన్‌లో అతిథులందర్నీ ఎక్కించుకుని, ఫినాలె ఊరి సముద్రం ఒడ్డు నుంచి మెలోన్యో కనుమ దాకా ఎవరో ఒకరు నడపాలి. పైకి చేరాక వాళ్లంతా సైకిళ్లు దించుకుని, మోకాళ్లకు తొడుగులు బిగించుకుని, కొర్రాడో వెనకాల కేరింతలు కొడుతూ అడవి దారిలో కిందికి జారిపోతారు. మార్జియా ఖాళీ వ్యాన్‌ని మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుకుంటూ దించి, ఊరి బార్ ముందు నీడలో ఆపి, చన్నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడుతుంది. కొర్రాడో దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో, వెలిగిపోతూ వచ్చి చెయ్యి చాపుతాడు. "మూత తీసివ్వు, చేతులు మట్టిగా ఉన్నాయి" అంటాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె మూతలు తీస్తూనే ఉంది.

అలాగని కొర్రాడో చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే పని సులువయ్యేది. అతిథుల ముందు భార్యని తెగ పొగుడుతాడు. "ఇక్కడ అసలు బాస్ మా ఆవిడే. తను లేకపోతే మనమంతా కొండెక్కడం కాలినడకనే" అంటాడు. అందరూ నవ్వుతారు. మార్జియా కూడా నవ్వుతుంది, నవ్వడం కూడా ఆ పనుల్లో ఒకటే కాబట్టి. ఆ నవ్వులో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. కొర్రాడోకి పేరు తెచ్చిపెట్టిన దారి, జర్మనీ నుంచీ స్విట్జర్లాండ్ నుంచీ జనం వెతుక్కుంటూ వచ్చే 'గాడిద మెట్లు', మార్జియా వాళ్ల ఊరి దారి. సున్నపురాయి పలకలు కత్తుల్లా పైకి లేచి ఉండే ఆ దారిలోనే వాళ్ల తాత కంచరగాడిద మీద చెస్ట్‌నట్ బస్తాలు దించేవాడు. పదహారేళ్లప్పుడు అన్న సైకిల్ ఎత్తుకుపోయి ఆ మెట్లన్నీ కాలు కింద పెట్టకుండా దిగింది ఆమె. పెళ్లికి ముందు కొర్రాడోని అక్కడికి తీసుకెళ్లి, అత్తిచెట్టు వేరు దగ్గర ఎడమకి ఒరగాలని, చివరి నడుమెత్తు మెట్టు దగ్గర బ్రేకు ముట్టుకోకూడదని చూపించిందీ ఆమే. ఇప్పుడు అదే మాట కొర్రాడో అతిథులకు చెబుతుంటే స్టీరింగ్ పట్టుకుని వింటుంది. ఒక్కొక్క రోజు ఎడమ అనబోయి కుడి అంటాడు. ఆమె సరిదిద్దదు.

ఆమెకూ ఒక సైకిల్ ఉంది. గరాజు గోడకి వేలాడుతూ ఉంటుంది. నవంబరులో అతిథులు పల్చబడ్డాక, వ్యాన్‌కి పనిలేని రోజు చూసుకుని దాన్ని కిందికి దించుతుంది. ఆ సైకిల్‌కి కొత్తది అంటూ ఏదీ ఎప్పుడూ రాలేదు. కొర్రాడో కొత్త హ్యాండిల్ కొంటే పాతది దానికి, కొత్త సీటు కొంటే పాతది దానికి. చక్రాలూ అంతే. రెండు సీజన్లు వాడి, రాళ్లకు కొట్టించి, అంచులు చెక్కులు లేచాక, తన కార్బన్ చక్రాలు తెచ్చి ఆమె సైకిల్‌కి బిగిస్తాడు. "నువ్వు తేలిక. నీకివి జీవితాంతం వస్తాయి" అంటాడు, బహుమతి ఇస్తున్నవాడిలా. తొంభై కిలోల మనిషి కోసం కట్టిన ఆ బిర్రు చక్రాలు యాభై కిలోల మనిషి కింద ఎలా ఎగిరిపడతాయో అతనికెలా తెలుస్తుంది? టైర్లలో గాలి కూడా తన లెక్క ప్రకారమే కొట్టేవాడు. దిగేసరికి ఆమె అరచేతులు మొద్దుబారి చెంచా పట్టుకోవడం కష్టమయ్యేది. "నీ చేతుల్లో బలం చాలదు మార్జీ" అనేవాడు. ఎంతమందిని మోసిన చేతులో, ఎన్ని దుప్పట్లు పిండిన చేతులో, వాటిలో బలం చాలదని ఆమె కూడా నమ్మేసింది. అదే ఆమెకి ఇప్పటికీ మంటగా ఉండే సంగతి. ఒక నవంబరులో, ఒక్కతే ఉన్నప్పుడు, బండ చాటున కూర్చుని ఇదేదో దొంగతనమైనట్టు అటూ ఇటూ చూసి టైర్లలోంచి సగం గాలి వదిలేసింది. ఆ రోజు చేతులు మొద్దుబారలేదు. రిమ్ము మాత్రం అంచు దగ్గర పగిలింది. "చూశావా, నీకు నడపడం రాదు" అన్నాడు కొర్రాడో, ఎంతో ప్రేమగా.

చక్రాల సంగతి ఆమెకి వ్యాన్ నేర్పింది. ఆ కొండ మీద పగిలిన ప్రతి చక్రమూ, దాని యజమానీ ఆమె పక్క సీట్లో కూర్చునే కిందికి వచ్చారు. కొర్రాడో ముందుకెళ్లిపోతాడు, అడవిలోంచి సైకిల్ భుజాన వేసుకుని రోడ్డెక్కినవాణ్ని ఎవరో ఒకరు ఎక్కించుకోవాలి కదా. వాళ్లు ఏడుపు మొహంతో చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని చెప్పేదంతా మార్జియా వినేది, మలుపుల్లో ఆగినప్పుడు వేలితో తడిమి చూసేది. అతి తేలికవీ, అతి బిర్రువీ ముందు పోయేవి. సన్నటి పదునైన అంచున్నవి టైరునీ కోసేవి, తామూ చీలేవి. వెడల్పాటి మొద్దు అంచున్నవీ, రాయి తగిలినప్పుడు కాస్త ఒదిగేవీ ఏళ్ల తరబడి అదే మనిషితో మళ్లీ మళ్లీ వచ్చేవి. ఇదంతా ఆమెను ఎవరూ అడగలేదు. బవేరియా నుంచి ప్రతి వసంతానికీ వచ్చే ఉర్సులా మాత్రం ఈసారి వ్యాన్ ఎక్కుతూ వేరే ప్రశ్న అడిగింది. "నాలుగేళ్లుగా చూస్తున్నాను, మీరెప్పుడు దిగుతారు?" అంది. మార్జియా నవ్వి ఊరుకుంది. కానీ ఆ ప్రశ్న దుప్పట్లు మడతపెడుతుంటే వచ్చింది, పాస్తా ఉడుకుతుంటే వచ్చింది, పడుకుంటే పక్కలోకీ వచ్చింది.

ఆ వారంలోనే కొర్రాడో కొత్త చక్రాలు తెచ్చుకున్నాడు. పాతవి తుడిచి, "నీకోసం" అంటూ భోజనాల గది గోడకి ఆనించాడు. వెనకదాని అంచు గోరంత మేర లేచిపోయి ఉంది.

"నాకొద్దు" అంది మార్జియా, సూప్ వడ్డిస్తూనే. "ఈసారి నావి నేనే కొనుక్కుంటాను."

కొర్రాడో చెంచా ఆపాడు. అత్తగారు ఇర్మా మాత్రం ఆపలేదు. "నీకు చక్రాలెందుకే అమ్మాయ్? వ్యాన్‌కి నాలుగున్నాయిగా" అంది. కొర్రాడో పగలబడి నవ్వాడు. మామూలుగా అయితే మార్జియా కూడా నవ్వేది. ఆ పూట నవ్వలేదు. ఇర్మా ఒకసారి కోడలి మొహంలోకి చూసి, రొట్టె తుంచుకుంది. చక్రాలకి పెట్టబోయే డబ్బు చలికాలం రెండు నెలలు పుట్టింటి ఊరి ఆలివ్ గానుగలో చేసిన పనికి వచ్చిన కూలి, దాని మీద మార్జియా ఎవరి అనుమతీ అడగదలుచుకోలేదు. వాషింగ్ మెషీన్ పాతబడిందని ఇర్మా గుర్తు చేసింది. పాతబడ్డ వాటితో ఇన్నాళ్లూ వేగింది చాలనుకుంది మార్జియా.

మర్నాడు బెప్పే దుకాణానికి వెళ్లింది. కొర్రాడోకి చిన్ననాటి స్నేహితుడు బెప్పే. చక్రాలు అనగానే కొర్రాడోకి మళ్లీ ఏమైందని కంగారుపడ్డాడు. తనకేనని మార్జియా చెప్పాక, "ఓ, అయితే తేలికవి చూపిస్తాను, ఆడవాళ్లకి అవే బావుంటాయి" అని పువ్వులాంటి చక్రం ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. మార్జియా దాని అంచు మీద బొటనవేలు నొక్కి చూసి వెనక్కిచ్చేసింది. ఇవి గాడిద మెట్ల మీద ఒక్క వేసవి కూడా నిలవవంది. అంచు మొద్దుగా, వెడల్పుగా ఉండాలి. వెనక చక్రానికి స్పోకులు ఎక్కువ ఉండాలి, అవి ఏ దుకాణంలోనైనా దొరికే మామూలు స్పోకులై ఉండాలి. నడి సీజనులో ఒక్క స్పోకు కోసం వారాలు ఎదురుచూడడం ఎంతమంది మొహాల్లో చూసింది తను! చక్రం నడుమ ఉండే హబ్బు మామూలు పనిముట్లతో విప్పుకునేలా ఉండాలి. అన్నిటికీ మించి, తన బరువుకి తగ్గట్టు ఒదగాలి. బెప్పే కాసేపు ఆలోచించి, లోపలి గదిలోంచి బరువైన జత ఒకటి తెచ్చాడు. నల్లగా, ఏ బొమ్మలూ రంగులూ లేకుండా, పనిమనిషి చేతుల్లా ఉన్నాయవి. మార్జియా బొటనవేలు అంచు మీద హాయిగా ఆనింది.

"ఇవి పగిలితే తయారీవాళ్లే రిమ్ము మారుస్తారు, ఎన్నాళ్లయినా సరే. కాకపోతే మొదట కొన్నవాళ్లకి మాత్రమే" అంటూ బెప్పే కంప్యూటర్లో పేరు కొట్టసాగాడు. అలవాటుకొద్దీ కొర్రాడో అని కొడుతున్నాడు.

"మార్జియా" అంది ఆమె. "కొన్నది నేను."

చేతులు మొద్దుబారిన ఆ నవంబర్లన్నీ ఆమెకి ఒక్కసారి గుర్తొచ్చాయి. లోపల పొంగింది ఏడుపు కాదు, కోపం కూడా కాదు. సంతోషమే, ఆలస్యంగా వచ్చిన సంతోషం.

ఆ మధ్యాహ్నం బట్టలుతికే గదిలో, మెషీన్ గిరగిర తిరుగుతుండగా, కొత్త చక్రాలకి తనే టైర్లు ఎక్కించింది. గాలి తన లెక్క ప్రకారం కొట్టింది. ఇర్మా తడిబట్టల బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్లు మన్నుతాయి?"

"నేనున్నన్నాళ్లు, అత్తయ్యా."

పొద్దునే ఆరేయాల్సిన బట్టలు ఇర్మాయే తీసుకెళ్లి ఆరేసింది. అది కూడా మార్జియా పనే. ఎందుకని అడిగితే గాలికి ఆరిపోతాయని వేశానంటుంది, అందుకే మార్జియా అడగలేదు.

మర్నాడు పొద్దున ట్రెయిలర్‌లోకి సైకిళ్లు ఎక్కించింది ఎప్పటిలాగే మార్జియా. కొర్రాడో ఎప్పటిలాగే చివరి నిమిషంలో కాఫీ కప్పుతో వచ్చి ముందు సీట్లో కూర్చుని కబుర్లు మొదలుపెట్టాడు. కనుమ దగ్గర అడవి చెట్ల కింద వ్యాన్ ఆగింది. అతిథులు తమ సైకిళ్లు దించుకున్నాక ట్రెయిలర్‌లో రెండు మిగిలాయి. ఒకటి కొర్రాడోది. మార్జియా రెండోదాన్ని దించి, ప్యాంటు విప్పింది. లోపల నిక్కరూ, మోకాళ్ల తొడుగులూ ఉన్నాయి.

కొర్రాడో సైకిల్ వైపు చూశాడు, చక్రాల వైపు చూశాడు. ఎప్పుడు, ఎలా అని అడగలేదు. అడిగింది ఒక్కటే. "మరి వ్యాన్?"

మార్జియా తాళాలు అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "మెల్లిగా దించు. చర్చి దాటాక వచ్చే మలుపులో ట్రెయిలర్ లాగుతుంది, బ్రేకు ముందే పట్టుకో" అంది, అతను అతిథులకి జాగ్రత్తలు చెప్పే గొంతుతోనే. "గాడిద మెట్లు మా ఊరి దారి. వీళ్లకి నేను చూపిస్తాను."

ఉర్సులా సైకిల్ తీసుకొచ్చి సరిగ్గా మార్జియా వెనకాల నిలబెట్టుకుంది. మిగతా అతిథులు ఆమె వెనకాల నిలబడ్డారు.

పలకల దాకా భయపడింది మార్జియా. ఆ మాట దాచడం ఎందుకు? మొదటి రాయి వెనక చక్రానికి గట్టిగానే తగిలింది. చక్రం ఒదిగి, తేరుకుని, ముందుకెళ్లింది. రెండోది తగిలింది, అదీ దాటింది. చేతులు హ్యాండిల్ మీద హాయిగా ఉన్నాయి. అత్తిచెట్టు వేరు దగ్గర "ఎడమ" అని వెనక్కి కేకేసింది, ఇన్నాళ్ల కుడులన్నీ సరిదిద్దినట్టు. చివరి మెట్టు దగ్గర బ్రేకు మీంచి వేళ్లు తీసేసింది. గాల్లో ఉన్న ఆ లిప్తలో తాతా లేడు, కొర్రాడో లేడు, పదహారేళ్లూ లేవు. నలభై రెండేళ్ల మార్జియా ఉంది. నేల తగిలినప్పుడు చక్రాలు కిక్కురుమనలేదు.

ఊరి బార్ ముందు నీడలో అందరూ కూలబడి చాలాసేపయ్యాక వ్యాన్ వచ్చింది. కొర్రాడో చెమటలు కక్కుతూ దిగాడు. స్టీరింగ్ పట్టిపట్టి చేతులు విదిలించుకుంటున్నాడు.

"ఇంత పొడుగుందేంటి ఈ రోడ్డు?" అన్నాడు.

"ఎప్పుడూ ఇంతే" అంది మార్జియా. దుమ్ము కొట్టుకుపోయిన చెయ్యి చాపింది. "నీళ్లేవి?"

కొర్రాడో వ్యాన్‌లోకి తొంగిచూశాడు, సీట్ల కింద వెతికాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఎవరో ఒకరు పెట్టుంటారనుకున్నా" అన్నాడు.

"ఆ ఎవరో ఒకరు ఇవాళ సైకిల్ మీద దిగారు" అంది మార్జియా.