సగం సైన్యం

"ఈసారి నీకు పని తక్కువలే, అన్నీ చిన్నవే తెప్పించాను" అంటూ మా ఆయన భోజనాల బల్ల మీద ఒక పెట్టె పెట్టాడు. నేను అదే బల్ల తుడుస్తున్నాను. తడిబట్ట ఎత్తేదాకా కూడా ఆగలేదు మహానుభావుడు. మూత తీస్తే లోపలన్నీ పొట్లాలు కట్టిన సీసపు సైనికులు, ఒక్కొక్కడు బియ్యపుగింజ కంటే కాస్త పొడుగు. ఇంతకుముందువి బొటనవేలంత ఉండేవి. మూడొందల ఏళ్ళ కిందట ఏదో నది ఒడ్డున జరిగిన యుద్ధాన్ని ఆయన క్లబ్బువాళ్ళు మా బల్ల మీద మళ్ళీ ఆడబోతున్నారట. పాచికలు వెయ్యడం, టేపుతో కొలిచి దళాలను జరపడం, మధ్యలో నా టీ తాగడం, ప్రతి ఆదివారం ఇదే వాళ్ళ యుద్ధం.

"నెలలో రంగులు పడిపోవాలి. నువ్వెలాగూ ఖాళీయేగా" అన్నాడు.

పొద్దున్నే రెండు డబ్బాలు సర్ది, అత్తయ్యకి మందులిచ్చి, బస్సు పట్టుకుని పళ్ళ ల్యాబుకి వెళ్తాను. కట్టుడు పళ్ళకి రంగు కలపడం నా ఉద్యోగం. పక్కనున్న సొంత పన్నుకీ నేను వేసినదానికీ తేడా కనిపించకూడదు. డాక్టరుగారు పేషెంటుకి అద్దం పట్టి "చూశారా నా పనితనం" అంటారు. ఇంటికొచ్చి వంటా గిన్నెలూ అయ్యాక మా ఆయన సైనికుల ముందు కూర్చుంటాను. తొమ్మిదేళ్ళ కిందట తనే మొదలుపెట్టి, పది ముఖాలు పాడుచేసి, "నీది తిరిగిన చెయ్యి, చిటికెలో వేసేస్తావు" అని బ్రష్ నా చేతిలో పెట్టాడు. ఆ చిటిక ఇంతవరకూ పూర్తవలేదు. ఆరిన తర్వాత వాటిని సన్నని చెక్కముక్కల మీద అతికించి, అడుగున తన పేరు రాసుకునేవాడు. "మొగుడి సరదాలో పాలుపంచుకునే రాత అందరికీ ఉండదమ్మా" అనేది అత్తయ్య. ఒళ్ళు మండేది. అయినా బ్రష్ పారెయ్యలేకపోయాను, ఎందుకంటే నాకు ఆ పని ప్రాణం. ఇన్నేళ్ళూ నన్ను కట్టిపడేసింది ఆ ఇష్టమే.

మర్నాడు పొట్లాలు విప్పి లెక్కపెట్టాను. ఆయన పాత అలవాటు కొద్దీ పొట్లానికి యాభై మంది అనుకుని తెప్పించాడు. చిన్నవి కదా, పొట్లానికి వంద మంది ఉన్నారు. ఒక సైన్యం అనుకున్నది రెండు సైన్యాలైంది. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత, చాలా ప్రశాంతంగా, ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళ క్లబ్బులో ఉన్న ఒక లెక్కల మాస్టారు రాసిపెట్టిన నియమాలు రెండున్నాయి. రంగు ఎవరు వేస్తే దళాన్ని వాళ్ళే నడపాలి, అడుగున రాసిన పేరే దానికి సాక్ష్యం. రంగు పడని సైనికుడు బల్ల ఎక్కకూడదు.

"సగం నాది, సగం నీది" అని మా ఆయనతో చెప్పాను. "నీ సగానికి నువ్వే రంగు వేసుకో."

"నీకేం తెలుసు యుద్ధం గురించి?"

"తొమ్మిదేళ్ళుగా వంటింట్లోంచి వింటూనే ఉన్నా."

నవ్వేశాడు. నాలుగు రోజులకి అలకతీరి దారికొస్తానని ఆయన ధీమా.

ఆ నెల నేను హాయిగా పనిచేశాను. ఇంత చిన్నవాటికి అసలు రంగే వేస్తే దూరం నుంచి నల్లటి చీమల్లా ఉంటాయి. రెండు మెట్లు లేతగా వెయ్యాలి. ఒక్కో సైనికుణ్ణి పట్టుకు కూర్చోకుండా వరసనంతా ఒకే మనిషిగా చూడాలి. పళ్ళ వరసతో నాకది ఎప్పుడో అలవాటైంది. పొట్లంలో అడుగున బండ్లు, కుండ ఎత్తుకున్న ఆడవాళ్ళు కనిపించారు. "వాటికి ఆటలో పాయింట్లు లేవు, తీసి పక్కన పడెయ్" అన్నాడాయన. ఆయన కొని తెరవని చరిత్ర పుస్తకం నేను చదివాను. అంత సైన్యానికి ఎవరు వండిపెట్టారో అందులో ఒక్క వాక్యమైనా లేదు. వాళ్ళకే ముందుగా రంగు వేశాను, కుండలకి మంచి ఎరుపు.

రోజూ సాయంత్రం ఆయన తన సగం వైపు చూసేవాడు, తర్వాత నా వైపు. "రేపు కూర్చుంటా" అనేవాడు. ఎప్పటికైనా నేనే వేస్తానని ఎదురుచూశాడు. నాకు రెండుసార్లు జాలేసింది కూడా. చెయ్యి మాత్రం అటు వెళ్ళనివ్వలేదు.

నెల తిరిగిన ఆదివారం క్లబ్బువాళ్ళందరూ వచ్చారు. నా దళాలను బల్ల మీద బారులు తీర్చాను, వెనకాల బండ్లు, కుండల ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకరైన మందుల షాపాయన తన సైన్యాన్ని అవతలి ఒడ్డున పెట్టాడు. మా ఆయన అలవాటుగా నా దళాల వెనకున్న కుర్చీలో కూర్చోబోయాడు. మాస్టారు ఒక దళాన్ని ఎత్తి అడుగున చూశారు, ఇంకోటి తిప్పారు. అన్నిటి కిందా నా పేరే.

"మీ దళాలేవి?" అని మా ఆయన్ని అడిగారు.

ఆయన పెట్టె తెరిచాడు. వందల మంది, మొహాలు కూడా లేకుండా, బూడిదరంగులో పడున్నారు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "రూలు రూలేనండీ" అని కుర్చీ నాకు చూపించారు. కూర్చున్నాను. తొమ్మిదేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆదివారంపూట కూర్చోవడం అదే మొదటిసారి. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడి, నా ఎర్రకుండల వైపే చూస్తోంది.

మా ఆయన కాసేపు అటూ ఇటూ తచ్చాడి, నా చెవి దగ్గరికి వంగి, "మరి వీళ్ళకి టీ?" అన్నాడు.

నేను పాచికలు చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వెలాగూ ఖాళీయేగా" అన్నాను.