రెండు కంచాలలో కార్బురేటర్లు

ఆ ఆదివారం ఉదయం రేసు ట్రాక్ పక్కన, కార్ల తనిఖీ షెడ్డులో ఉన్నవారు వరుసగా వీరు. మొదట, ఎర్రని పాతకాలపు స్పోర్ట్స్ కారు పక్కన, మెడలో ‘ఓనర్-డ్రైవర్’ పాసుతో డానియల్. అతని తరువాత ‘మెకానిక్’ పాసుతో చెన్నయ్య. వారికి ఎదురుగా, అట్టకు బిగించిన ఫారంతో తనిఖీ అధికారిణి ప్రణీత. నేల మీద గీసిన పసుపు గీతకు ఇవతల, ప్లాస్టిక్ కుర్చీలో డానియల్ తల్లి బిక్షమ్మ. అందరికన్నా చివర, చెరొక చేతిలో ఒక టిఫిన్ క్యారియర్‌తో, డానియల్ భార్య మెర్సీ.

ఈ వరుసను ఎవరూ ఆలోచించి పెట్టలేదు. దానంతట అదే ఏర్పడింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఫోటోలన్నీ ఇదే వరుసలో వచ్చాయి కనుక మెర్సీకి అందులో వింత ఏమీ కనిపించలేదు.

“డబ్బాలు ఎండల వెట్టకు, పులుసు ఖరాబైతది,” అన్నాడు డానియల్, ఆమె వైపు తిరగకుండానే.

ఆమె క్యారియర్లను కుర్చీ నీడలోకి జరిపింది. రెండవ క్యారియర్ సంచిలో, పచ్చడి సీసా పక్కన, గజం పొడవు సన్నని రబ్బరు గొట్టం చుట్ట ఒకటి ఉంది. దాన్ని ఎవరూ తెమ్మనలేదు.

ఆ కారు అరవైల నాటిది. ఇంగ్లండులో తయారైనది, రెండే సీట్లు. మేళ్లచెరువు సున్నపురాయి గనులలో పనిచేసిన ఇంజనీరు ఒకాయన తెచ్చుకుని, ఊరు విడిచి వెళ్లేటప్పుడు ఒక షెడ్డులో వదిలివేశాడు. మెర్సీ తండ్రి ఇస్రాయేలు అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ కారు చక్రాలు ఎన్నిసార్లు విప్పి బిగించాడో లెక్క లేదు కానీ, దాని సీటులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, మొనను యంత్రానికి తాకించి, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. పదేళ్ల కూతురి చెవికి కూడా ఆ పిడిని ఆనించేవాడు. ఆమెకు ఆయన ఇచ్చిన చదువులో అది ఒక భాగం. మిగిలిన భాగం, బడిలో చదివించినది, ఆమెకు నల్లగొండలోని ఒక ప్రైవేటు ఐటిఐలో స్టోర్ కీపర్ ఉద్యోగం ఇప్పించింది. అక్కడ కొలత పరికరం చదవడం రాని పిల్లలను మాస్టర్లు ఆమె దగ్గరికే పంపేవారు. పై నుంచి తనిఖీ బృందం వచ్చిన రోజున మాత్రం, “మేడం, జర చాయ్ సంగతి చూడున్రి,” అనేవారు. ఆమె చూసేది.

లారీల మీద నాలుగు డబ్బులు చూసిన తరువాత డానియల్ ఆ కారును కొన్నాడు. బజారులోనూ నడవాలి, ట్రాక్ మీదా పరుగెత్తాలి అన్నది అతని కోరిక. అందులో చిన్నతనం ఏమీ లేదు. కూలివాళ్ల ఇంట పుట్టి, ఒకప్పుడు దొరలు తిరిగిన బండిని తన పేరు మీదికి తెచ్చుకున్న మనిషి అతను. మెర్సీ ఆ సంతోషాన్ని తక్కువ చేయలేదు.

రామన్నపేట నుంచి చెన్నయ్య వచ్చి ఇంజిన్‌ను దింపిన వారానికే లాక్‌డౌన్ వచ్చిపడింది. చెన్నయ్య ఊరు దాటలేకపోయాడు. ఇంజిన్ వరండాలో బల్ల మీద మిగిలింది. డానియల్ ఫోనులో వీడియోలు చూసేవాడు, టార్చి పట్టుకునేవాడు, కోయంబత్తూరుకు ఫోన్లు చేసి సామాను తెప్పించేవాడు. విప్పినది, కడిగినది, అరుగుదల కొలిచినది, తిరిగి కూర్చినది మెర్సీ. ఉదయం వంట, తరువాత ఇంజిన్, మధ్యాహ్నం అత్తమ్మకు మందులు, తరువాత మళ్లీ ఇంజిన్. నల్లగొండ ఎండకు నీళ్లు మరిగిపోకుండా రేడియేటరుకు అదనపు ఫ్యాను పెట్టింది. ట్రాక్ మీద వేడెక్కినా పట్టు విడవని గట్టి బ్రేకు ప్యాడ్లు వేసింది. మెత్తని పాత గొట్టాల బదులు ఉక్కు అల్లిక ఉన్న బ్రేకు గొట్టాలు బిగించింది. బరువు తగ్గించే పని మాత్రం డానియల్ స్వయంగా చూసుకున్నాడు. స్టెప్నీ తీశాడు, తివాచీ తీశాడు, రేడియో తీశాడు. తీసిన ప్రతి వస్తువునూ వంటింటి తూకం మీద పెట్టి, “ఇంకో రెండు కిలోలు పోయినయ్ అమ్మా,” అని తల్లికి చెప్పేవాడు. ఆమె, “పోనీ బిడ్డ,” అనేది.

అన్నిటికన్నా సున్నితమైనవి, పెట్రోలులో గాలి కలిపే జంట కార్బురేటర్లు. ఒక్కొక్కదాని మీద బోర్లించిన గిన్నె వంటి మూత ఉంటుంది, ఆ మూతలో ఒక పిస్టన్ లేస్తూ దిగుతూ ఉంటుంది. చూపుకు రెండు మూతలూ ఒకటే. కానీ ఏ మూతకు ఆ పిస్టనే జోడీ. మార్చి పెడితే అమరుతుంది గాని పనిచేయదు. అందుకని మెర్సీ రెండు స్టీలు కంచాలు తీసింది. ముందు కార్బురేటరు ముక్కలు ‘డానియల్’ అని పేరు కొట్టించిన కంచంలో, వెనుకదాని ముక్కలు ‘ఇస్రాయేలు’ అని ఉన్న కంచంలో పెట్టింది. మొదటిది గృహప్రవేశానికి కొన్నది, రెండవది ఆమె పెళ్లికి పుట్టింటివారు పెట్టినది. ఆ పని చేస్తున్నప్పుడే ఆమె ఒక విషయం గమనించింది. ఆ ఇంట్లో గిన్నెల మీద, చెంబుల మీద, గరిటెల మీద, చివరికి చెంచాల మీద కూడా మగవాళ్ల పేర్లే ఉన్నాయి. ఆమె తోమే వస్తువులలో ఆమె పేరు ఉన్నది ఒక్కటీ లేదు. బాధ కలగలేదు. లెక్క తేలినప్పుడు కలిగే స్పష్టత వంటిది కలిగింది, అంతే.

పది రోజుల క్రితం ట్రాక్ వారి ఫారం నింపుతున్నప్పుడు ఆమె మొదటిసారి ఒక మాట అడిగింది. ‘ఇంజిన్ పని చేసినవారు’ అన్న గడిలో తన పేరు రాయమంది. డానియల్ నవ్వాడు. దుర్మార్గంగా కాదు, ముద్దుగానే నవ్వాడు.

“ఇంట్ల మనిషివి, నీకు పేరెందుకే? కార్ల క్లబ్బోళ్లు సూస్తే పెండ్లంతోని రిపేర్ జేయిచ్చిండంటరు.”

ఆ గడిలో చెన్నయ్య పేరు రాశాడు. శనివారం, ప్రయాణానికి ముందు పాస్టరుగారిని పిలిచి ఇంట్లో ప్రార్థన పెట్టించినప్పుడు, లేచి నిలబడి దేవునికి, పాస్టరుగారికి, చెన్నయ్యకు, కోయంబత్తూరు దుకాణం వారికి వందనాలు చెప్పాడు. వచ్చినవారికి అన్నం వడ్డిస్తూ మెర్సీ అది విన్నది.

ఆ భోజనాలకే రెండు కంచాలు తక్కువ పడ్డాయి. ట్రాక్ మీద మెరవాలని డానియల్ అంతకుముందు రోజే ఆ రెండు మూతలనూ పిస్టన్లతో సహా ఊడదీసి, దేని కంచంలో దాన్ని ఉంచి, అద్దంలా పాలిష్ చేశాడు. అతిథులు కూర్చోగానే రెండు కంచాల సామానునూ ఒకే బేసిన్‌లో కుమ్మరించి, కంచాలు కడిగి తెచ్చాడు. భోజనాలయ్యాక తానే మూతలు బిగించాడు. అంట్లు తోముతుంటే ఆ కంచాలకు అంటిన పాలిష్ వాసన మెర్సీకి తెలిసింది. బయటికి వచ్చి, ఏ మూత దేనిదో చూసి పెట్టావా అని అడిగింది.

“రెండూ ఒక్క తీర్గనే ఉన్నయి గదా. పనయిపోయింది, పో,” అన్నాడు.

ఆమె రెండవసారి చెప్పలేదు. రబ్బరు గొట్టం తీసి టిఫిన్ సంచిలో పెట్టుకుంది.

ఇప్పుడు షెడ్డులో ప్రణీత ఇంజిన్ స్టార్ట్ చేయమంది. కారును ఇక్కడికి లారీ మీద తెచ్చారు కనుక, మూతలు బిగించాక అది మేలుకోవడం ఇదే మొదలు. లేచింది. దగ్గింది. ఒకసారి గుర్రుమని ఎగసి, మరుక్షణం ఆగిపోయేటట్లు కుంగింది. గీతకు ఇవతల నుంచే మెర్సీకి తెలిసింది: ఒక పిస్టన్ పట్టేస్తున్నది, రెండవది జారిపోతున్నది.

“ఇది ఇట్లుంటే ట్రాక్ మీదికి వదలలేను సార్,” అంది ప్రణీత. “మలుపులో ఇంజిన్ ఆగితే వెనక బండి మీదికొస్తది. అరగంట టైమిస్తున్నా. ఫారంలో పేరున్న వాళ్లే బండిని ముట్టాలి.”

డానియల్ చెన్నయ్య వైపు చూశాడు. చెన్నయ్య మూతలను చూశాడు, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, పసుపు గీత వైపు చూశాడు.

“సేటూ, ఇంజిన్ దింపింది నేనే, ఒప్పుకుంట. గీ కార్బురేటర్ల మీద నా చెయ్యి పడలే. అక్కకే ఎరుక.”

“మెర్సీ, జర రా ఇటు,” అన్నాడు డానియల్. ఉప్పు అందించమన్నట్లు ఉంది ఆ గొంతు.

ఆమె కదలలేదు. తన కాళ్లు కదలకపోవడాన్ని ఆమె కూడా కొంత దూరం నుంచి చూస్తున్నట్లు చూసింది. ఇరవై రెండేళ్లలో అతను పిలిచినప్పుడు వెళ్లని సందర్భం గుర్తుకు తెచ్చుకోబోయింది. దొరకలేదు. వెళ్లి, సరిచేసి, తిరిగివచ్చి టిఫిన్ విప్పవచ్చు. కారు పరుగెత్తుతుంది. సాయంత్రం అతను వందనాలు చెబుతాడు, వరుసగా. మరొక దారి కూడా ఉంది. అందులో కారు పరుగెత్తకపోవచ్చు. రెండేళ్ల తన పని కూడా షెడ్డులోనే ఆగిపోవచ్చు.

“పేరు రాస్తేనే లోపటికొస్త,” అంది.

“గిదా టైము? పంచాయితి ఇంటికాడ పెట్టుకుందాం.”

“ఇంటికాడ అడిగిన. నవ్వినవు.”

ప్రణీత ఫారం వైపు చూస్తూ నిలబడింది. ఇది తన పరిధిలోని విషయమో కాదో ఆమె తేల్చుకుంటున్నట్లుంది. అప్పుడు కుర్చీలోంచి బిక్షమ్మ మాట్లాడింది. ఆదివారం ప్రార్థన తప్పిందని ఉదయం నుంచి మూతి ముడుచుకుని ఉన్న మనిషి.

“కిలోలకు కిలోలు తీసేసిన అంటివి గదరా. గా పిల్ల పేరెంత బరువుంటది? రాస్తే నీ బండి ఉరకదా?”

చెన్నయ్య గట్టిగానే నవ్వాడు. నవ్వుతూనే మెడలోని పాసు తీసి, గీత దాటి వచ్చి, మెర్సీ ముందు పట్టుకున్నాడు. ఆమె పాసును అందుకోలేదు, డానియల్ వైపే చూసింది. డానియల్ కొంతసేపు తన కారును చూశాడు. తరువాత ప్రణీత చేతిలోని పెన్ను తీసుకున్నాడు. చెన్నయ్య పేరు కొట్టివేసి, పక్కన రాశాడు. భార్య పేరు రాయడం అతనికి అలవాటు లేని పని కాబోలు, ‘మె’ దగ్గర కొంచెం ఆగాడు.

మెర్సీ అప్పుడు పాసు వేసుకుని గీత దాటింది.

మూతలు రెండూ విప్పింది. ఒక్కొక్క పిస్టన్‌ను మూతలోకి నెట్టి, రంధ్రం వేలితో మూసి, తలకిందులు చేసి, మూత ఎంతసేపటికి జారుతుందో పైకి లెక్కపెట్టింది. ఒకటి మూడు అనేసరికే జారింది. రెండవది తొమ్మిది దాకా దిగలేదు. మూతలు మార్చి పెట్టింది. ఆరు. మళ్లీ ఆరు. బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, రబ్బరు గొట్టం ఒక కొసను చెవిలో, రెండవ కొసను కార్బురేటరు నోటి దగ్గర పెట్టి గాలి బుస విన్నది. ఇక్కడ ఎంతో, అక్కడ అంత అయ్యేవరకు మరలను వెంట్రుకవాసి వంతున తిప్పింది. ఇంజిన్ నిలకడగా, పెద్ద పిల్లి గురక వలె సాగింది. ప్రణీత గడియారం చూసి, ఫారం మీద ముద్ర వేసింది.

డానియల్ పన్నెండు చుట్లు తిరిగాడు. బాగానే నడిపాడు. దిగివచ్చి, టిఫిన్ తింటూ, పులుసు బాగుందన్నాడు. ఇంజిన్ సంగతి ఎత్తలేదు. మెర్సీ ఎదురుచూడలేదు కూడా.

మరునాడు ఐటిఐ నుంచి వస్తూ ఆమె నల్లగొండ బజారులో గిన్నెల దుకాణం దగ్గర ఆగింది. పేర్లు కొట్టే మిషను ముందు కూర్చున్న ముసలాయన, అలవాటుగా, “సారు పేరేనా అమ్మా?” అని అడిగాడు. కాదంది. అరచేతి వెడల్పు స్టీలు రేకును, రాసి తెచ్చిన కాగితాన్ని ఇచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు, ఆమెను ఒకసారి చూశాడు, మిషను ఆన్ చేశాడు. ఆ రేకు ఇప్పుడు ఆ కారు బానెట్ లోపల, తయారీ సంఖ్య పలక పక్కన, రెండు మరలతో బిగించి ఉన్నది. దాని మీది పాఠం ఇది:

“ఈ ఇంజిన్‌ను విప్పి, శుభ్రపరచి, తిరిగి కూర్చి, బజారుకూ ట్రాకుకూ యోగ్యముగా చేసినది మెర్సీ. మేళ్లచెరువు ఫిట్టరు ఇస్రాయేలు కుమార్తె. ఈ పని ఆమెదని ఇందుమూలముగా అంగీకరించడమైనది.”