ఎడమ చేతికి తెలిసింది

"ఒక్క నిమిషం ఆగు ప్రిస్కిల్లా, దింపేస్తాను" అంటారు మా ఆయన శ్యాంబాబు, రోజూ, పేపర్లోంచి తలెత్తకుండా. అప్పటికే నేను టిఫిన్లు పెట్టి, క్యారేజీలు కట్టి, చంటిదాన్ని అత్తయ్యకి అప్పగించి మోటార్ సైకిల్ పక్కన నిలబడి ఉంటాను. నేను పాఠాలు చెప్పే స్కూలు కాలవ అవతల. బస్సు లేదు. నేను వెళ్ళేసరికి ప్రేయర్ మొదలైపోతుంది, గేటు వేసేసి ఉంటారు. మా ఇంటి మొత్తం మీద డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఆలస్యంగా వచ్చిన పిల్లలతో కలిసి బయట నిలబడతాను. "మేడమ్ గారికి ఇంకా తెల్లారలేదాండీ?" అంటారు హెడ్మాస్టరు గారు. పిల్లలు నవ్వుతారు.

స్కూటీ కొనుక్కుంటానంటే "నేనున్నానుగా" అన్నారు మా ఆయన. అయితే మీ బండే నేర్పండి అని పట్టుబట్టాను. ఆదివారం చర్చి అయ్యాక కాలవగట్టు మీదికి తీసుకెళ్ళారు. క్లచ్ పట్టి, గేరు వేసి, వదిలాను. కొత్తగా కాడి వేసిన గిత్తలా బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ అంతే. రేవులో బట్టలుతికేవాళ్ళు పని ఆపి మరీ చూశారు.

"మెల్లగా వదలాలి."

"ఎంత మెల్లగానండీ?"

"చెప్తే వచ్చేది కాదది. చేతికి తెలియాలి. గరిట తిప్పే చేతికేం తెలుస్తుందిలే, దిగు."

దిగాను. ఇంటికి రాగానే "ఆడదానికి గేర్ల బండేంటమ్మా, చోద్యం!" అన్నారు అత్తయ్య.

భోజనాలయ్యాక చంటిది నా ఎడమచేతి మీద నిద్రపోయింది. అంట్లు అలాగే ఉన్నాయి. చెయ్యి ఒక్కసారిగా లాగితే లేచి కూర్చుంటుంది. కొంచెం వదులు చేశాను. దాని తల బరువు దిండు మీదికి దిగడం మొదలైంది. అక్కడ ఆగాను. దాని ఊపిరి తడబడి, మళ్ళీ కుదురుకుంది. అప్పుడు మిగతాది తీశాను.

తీసి, నా చేతిని నేనే చూసుకుంటూ ఉండిపోయాను.

అంట్లు వదిలేసి, బండి తోసుకుంటూ గట్టు మీదికి వెళ్ళాను. స్టార్ట్ చేసి గేరు వేశాను. క్లచ్ వదులుతుంటే ముందు ఏమీ లేదు, ఖాళీ. ఒకచోట ఇంజను గొంతు తగ్గింది. వేళ్ళ కింద లీవరు సన్నగా వణికింది. అంత ఇనుమూ ముందుకు మొగ్గింది. అక్కడ ఆగాను. లోపల ఇంతసేపూ ఊరికే తిరుగుతున్నదేదో వచ్చి చక్రాన్ని పట్టుకుంటోంది, అది నా వేళ్ళకి తెలుస్తోంది. ప్రభువా, అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఈ బండి మీదే ఒక పక్కకి ఒదిగి కూర్చుని వెళ్ళాను. నా ముందే ఇంత అద్భుతం జరుగుతోందని ఎవరూ చెప్పలేదు. మిగతాది వదిలాను. గట్టు, కొబ్బరిచెట్లు, రేవు, అన్నీ వెనక్కి నడిచాయి.

మర్నాడు పొద్దున్న "ఒక్క నిమిషం ఆగు" అన్నారు.

తాళం తీసుకుని బండి స్టార్ట్ చేశాను. "వెనక ఎక్కండి. నన్ను దింపేసి మీరు తీసుకెళ్ళండి."

"నేనా? వెనకా? ఊళ్ళో ఎవరైనా చూస్తే?"

క్లచ్ వదలడం మొదలుపెట్టాను. బండి ముందుకు మొగ్గింది. ఆయన పేపరు పడేసి, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి ఎక్కారు. ఆయన బరువెంతో కూడా నా ఎడమ చేతికి తెలిసింది.

ఆ రోజు గేటు లోపల నిలబడి ప్రేయర్ విన్నాను.